అభివృద్ధి కోసమే కండువా మార్చారట!

నియోజకవర్గ అభివృద్ధి కోసమే అధికార పార్టీలో చేరుతున్నానని చెప్పని ఫిరాయింపుదారు తెలంగాణలో ఒక్కరైనా ఉన్నారా? విలేకరులు అడగకముందే ఆ మాట నోట్లోంచి ఊడిపడుతుంది. పక్కన కొత్త కండువా కప్పుతున్న పెద్దమనిషి ముసిముసిగా నవ్వుతుంటాడు. కెమెరాలు మెరుస్తాయి. మరునాడు ఊళ్లల్లో చాయ్ హోటళ్ల కాడ జనం జోకులేసుకుంటారు. ఎవరి అభివృద్ధి, ఏం అభివృద్ధి అని.

మేం మాత్రం ఈ మాటను నవ్వి వదిలేయొద్దంటున్నాం. ఆయన అబద్ధమాడుతున్నాడన్నదే అందరి అనుమానం. కానీ ఒక్క నిమిషం నిజమే చెబుతున్నాడనుకుందాం. అప్పుడు తేలేదేమిటి? ఆయన ప్రతిపక్షంలో ఉన్నన్ని రోజులు ఆ నియోజకవర్గానికి రోడ్డు రాలేదు, వంతెన రాలేదు, కాలేజీ బిల్డింగుకు పైసలు రాలేదు. కండువా మారితే వస్తాయట. అంటే ఖజానాలో పైసలున్నాయి, ఇయ్యాలన్న మనసే లేదు. అక్కడి జనం తమకు ఓటెయ్యలేదన్న కక్షతో ప్రభుత్వం వాళ్ల వాటాను తొక్కిపెట్టింది. ఫిరాయింపుదారు తన సమర్థన కోసం చెప్పుకున్న ఆ ముక్క నిజానికి ప్రభుత్వం మీద పెద్ద నేరారోపణ. దాన్ని ముఖ్యమంత్రి పక్కనే నిలబడి, ఖండించకుండా, నవ్వుతూ విన్నాడంటే నేరం ఒప్పుకున్నట్టే కదా!

ప్రతిపక్ష సభ్యుడంటే పరాయి దేశం నుంచి వచ్చినోడు కాదు. అధికార పార్టీ ఎమ్మెల్యేను గెలిపించినట్టే ఆయన్ను కూడా క్యూలో నిలబడి, వేలికి సిరా పెట్టించుకొని జనమే గెలిపించారు. ఒక లెక్క చూడండి. 2014లో తెలంగాణలో అధికారంలోకి వచ్చిన టీఆర్ఎస్‌కు పడ్డ ఓట్లు దాదాపు 34 శాతం. 2018లో అదే పార్టీ 119కి 88 సీట్లు గెలిచి ఊడ్చేసినప్పుడు కూడా 47 శాతం దాటలేదు. 2023లో కాంగ్రెస్ గద్దెనెక్కింది 39 శాతం పైచిలుకు ఓట్లతో. మూడుసార్లూ గెలిచిన పార్టీకి వేసినవాళ్ల కంటే వేయనివాళ్లే ఎక్కువ. ప్రతిపక్షాన్ని శత్రువుగా చూసే ప్రభుత్వం సగానికి పైగా ఓటర్లను శత్రువులుగా చూస్తున్నట్టు లెక్క. పన్నులు వసూలు చేసేటప్పుడు మాత్రం ఈ తేడా ఉండదు. పెట్రోలు బంకులో నువ్వు ఎవరికి ఓటేశావని ఎవరూ అడగరు.

ఈ కక్ష కాగితాల మీద కనబడదు. ఫలానా నియోజకవర్గానికి నిధులు ఇవ్వొద్దని ఏ జీవో రాదు. అంతా నోటిమాట మీద నడుస్తుంది. మండలాఫీసుల్లో పనిచేసే ఉద్యోగ మిత్రులకు ఇదంతా మా కంటే బాగా తెలుసు. ఎన్నికల్లో ఓడిపోయిన అధికార పార్టీ అభ్యర్థి మరునాటి నుంచే 'నియోజకవర్గ ఇన్‌చార్జి' అవుతాడు. రాజ్యాంగంలో లేని, ఏ చట్టంలో లేని పదవి. అయినా తహసీల్దారు బదిలీ అయినా, ఎస్సై పోస్టింగ్ అయినా ఆయన చీటీ లేకుండా కదలదు. గెలిచిన ఎమ్మెల్యే ఫోన్ చేస్తే 'చూస్తాం సార్' అనే అధికారి, ఓడినాయన ఫోన్ చేస్తే లేచి నిలబడతాడు. ఆ అధికారిదే తప్పంటామా? ఎదురు చెబితే మరుసటి వారమే ఎక్కడికి పోవాల్సి వస్తుందో ఆయనకు తెలుసు. శంకుస్థాపనకు పిలుపు ముందురోజు రాత్రి పంపుతారు. శిలాఫలకం మీద పేరు కిందికి పోతుంది, లేదంటే మాయమవుతుంది. కళ్యాణలక్ష్మి చెక్కులు ఎవరి చేత్తో పంచాలన్న దగ్గర ఎమ్మెల్యేకూ మంత్రికీ తోపులాట జరుగుతుంది. పెళ్లయిన ఆడబిడ్డ, తల్లిదండ్రులు కుర్చీల్లో కూర్చొని ఆ తమాషా చూడాలి.

ఇక ప్రత్యేక అభివృద్ధి నిధి అని ఒకటున్నది. ముఖ్యమంత్రి ఇష్టం మీద విడుదలయ్యే నిధి. ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు, ఎవరికి ఇవ్వలేదన్న చర్చ సభలో జరగనే జరగదు. లబ్ధిదారుల ఎంపిక కమిటీల సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత జన్మభూమి కమిటీల పేరుతో అధికార పార్టీ కార్యకర్తలే పింఛన్లకు, ఇళ్లకు తలారులై కూర్చున్నారన్న గోల ఐదేళ్లు నడిచింది. తెలంగాణలో 2024లో ఇందిరమ్మ కమిటీలు వేసినప్పుడు ప్రతిపక్షాలు అదే మొత్తుకున్నాయి. పేరు మారుతుంది, పద్ధతి మారదు.

ఇట్లా ఎండగట్టి, ఎండగట్టి, ఆఖరుకు గాలం వేస్తారు. 2014 ఎన్నికల్లో టీఆర్ఎస్‌కు 63 సీట్లు వచ్చాయి. సర్కారు నడపడానికి అవి సరిపోతాయి. కాంగ్రెస్‌కు 21, టీడీపీకి 15, బీఎస్పీకి 2. మొదట బీఎస్పీ ఇద్దరూ కారెక్కారు. 2014 డిసెంబర్‌లో సనత్‌నగర్ నుంచి టీడీపీ టికెట్టు మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం చేశారు. రాజీనామా ఇచ్చానన్నారు. స్పీకర్ దాన్ని ఆమోదించిందీ లేదు, తిప్పి పంపిందీ లేదు. ఒక పార్టీ ఎమ్మెల్యే, ఇంకో పార్టీ మంత్రి! 2016 నాటికి టీడీపీ 15 మందిలో 12 మంది వెళ్లిపోయారు, దానికి 'విలీనం' అని స్పీకర్ ముద్ర పడింది. 2018లో కాంగ్రెస్ 19 మందిని గెలిపించుకుంటే 2019 జూన్‌లో 12 మందిని కలిపేసుకున్నారు. అప్పటికి 88 సీట్లున్న పార్టీకి ఇంకో 12 మంది ఎందుకు? మెజారిటీకి కాదు. ఎదురుగా నిలబడి అడిగే గొంతు లేకుండా చేయడానికి. ప్రతిపక్ష నేత హోదా పోగొట్టుకున్న మల్లు భట్టి విక్రమార్క ఇందిరాపార్కు దగ్గర నిరాహార దీక్షకు దిగితే పోలీసులు ఎత్తుకుపోయి ఆస్పత్రిలో వేశారు.

రాజ్యాంగం పదో షెడ్యూలు 1985లో వచ్చింది, 52వ సవరణ ద్వారా. మూడో వంతు మంది చీలితే చెల్లుతుందన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. మూడింట రెండు వంతుల 'విలీనం' మాత్రం మిగిలింది. ఒక్కడు పోతే తప్పు, పన్నెండు మంది పోతే ఒప్పు. మేక పోతే దొంగతనం, మంద మొత్తం పోతే వ్యాపారమన్నట్టున్నది. పైగా తీర్పు చెప్పేది స్పీకర్. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది అధికార పార్టీ. మణిపూర్ కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చాలని చెప్పింది, స్పీకర్ల బదులు ప్రత్యేక ట్రిబ్యునల్ గురించి పార్లమెంటు ఆలోచించాలని కూడా అన్నది. పార్లమెంటు ఆలోచించలేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ చిల్లు దానికి కావాలె కాబట్టి.

2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. ఏడుసార్లు మోసపోయినోళ్లకైనా సోయి ఉంటుందనుకున్నాం. తమ పార్టీని 2019లో చీల్చి చెండాడిన బాధ కాంగ్రెసోళ్లకు గుర్తుండాలి కదా! 64 సీట్లతో గెలిచారు, సీపీఐ తోడున్నది. అయినా 39 మంది ఉన్న బీఆర్ఎస్ మీద కన్నేశారు. 2024 మార్చిలో ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ కాంగ్రెస్‌లో చేరారు. బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ టికెట్టు మీద పోటీ చేశారు. 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్ జాతీయ మేనిఫెస్టో విడుదలైంది. పార్టీ మారిన వెంటనే సభ్యత్వం దానంతట అదే రద్దయ్యేలా పదో షెడ్యూలును సవరిస్తామని అందులో రాశారు. మంచి మాటే. అదే నెలలో భద్రాచలం నుంచి బీఆర్ఎస్ తరఫున గెలిచిన తెల్లం వెంకటరావుకు హైదరాబాద్‌లో కాంగ్రెస్ కండువా కప్పారు. సిరా కూడా ఆరలేదు. జూన్‌లో ముఖ్యమంత్రి స్వయంగా పోచారం శ్రీనివాసరెడ్డి ఇంటికెళ్లి పార్టీలోకి ఆహ్వానించారు. ఈ పోచారం ఎవరు? 2019లో స్పీకర్ కుర్చీలో కూర్చొని కాంగ్రెస్ పన్నెండు మంది విలీనానికి ముద్ర వేసినాయనే! ఇంతకంటే పెద్ద వ్యంగ్యాన్ని ఏ నాటకకర్తా రాయలేడు.

ఇట్లా పదిమంది. 2024 సెప్టెంబర్‌లో వారిలో ఒకరైన శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరికెపూడి గాంధీని ప్రజా పద్దుల కమిటీకి చైర్మన్‌ను చేశారు. ప్రభుత్వం ఖర్చు పెట్టిన ప్రతి పైసాకు లెక్క అడిగే కమిటీ అది. అందుకే ఆ కుర్చీ ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ఆనవాయితీ పాటించామన్నారు, ఆయన ఇంకా బీఆర్ఎస్ సభ్యుడే కదా అన్నారు. కండువా కప్పేటప్పుడు మావాడు, కమిటీ వేసేటప్పుడు మీవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఇదే.

2025 జూలై 31న సుప్రీంకోర్టు ఈ పదిమంది మీద పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌ను ఆదేశించింది. గడువు దాటింది. డిసెంబర్‌లో స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ ఐదుగురి మీద పిటిషన్లను ఆధారాలు లేవని కొట్టేశారు. విచారణలో ఎమ్మెల్యేల వాదన ఏమిటో తెలుసు కదా? ముఖ్యమంత్రిని కలిసింది నియోజకవర్గ అభివృద్ధి కోసమేనట! మళ్లీ అదే ముక్క. మా ప్రశ్న కూడా అదే. ఒక ఎమ్మెల్యే తన నియోజకవర్గ పనుల కోసం ముఖ్యమంత్రిని కలవాలంటే మెడలో కండువా ఎందుకు పడాలి? ప్రతిపక్ష ఎమ్మెల్యేకు అపాయింట్‌మెంటు ఇస్తే కొంపలు మునుగుతాయా?

ఇదంతా తెలంగాణ బిడ్డలకు కొత్త కథ కాదు. 1969 ఉద్యమంలో నాయకులను నిర్బంధ చట్టాల కింద జైళ్లలో పెట్టారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితికి జనం 10 సీట్లు కట్టబెట్టారు. ఆ గెలుపు పండుగ ఏడాది కూడా నిలవలేదు, పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2004లో టీఆర్ఎస్ నుంచి 26 మంది శాసనసభకు పోతే, వాళ్లలో పలువురిని వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తనవైపు తిప్పుకున్నది. అప్పుడు ఉద్యమ శ్రేణులు ఎంత మండిపడ్డాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పక్కర్లేదు. 'అమ్ముడుపోయినోళ్లు' అన్న మాట ఊరూరా మోగింది. పదేళ్ల తర్వాత అదే మందు అదే సీసాలోంచి మన ప్రభుత్వమే పోసింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. ఉద్యమంలో పుట్టిన పార్టీ చేస్తే అది 'రాజకీయ పునరేకీకరణ' అయింది. మాట కొత్తది, అంతే.

లొంగనోళ్ల కోసం రెండో పద్ధతి ఉన్నది. సభ నుంచి బయటికి నెట్టడం. 2018 మార్చిలో గవర్నర్ ప్రసంగం రోజున కాంగ్రెస్ సభ్యులు గొడవ చేశారు. హెడ్‌ఫోన్ విసిరితే మండలి చైర్మన్ కంటికి దెబ్బ తగిలిందన్నారు. విసరడం తప్పే, దానికి చర్య తీసుకోవాల్సిందే. కానీ వాళ్ల వాదన వినకుండానే ఒక్క పూటలో కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్ కుమార్‌ల సభ్యత్వాలే రద్దు చేశారు. మిగతా కాంగ్రెస్ సభ్యులను సమావేశాలు ముగిసేదాకా సస్పెండ్ చేశారు. ఏప్రిల్‌లో హైకోర్టు ఆ బహిష్కరణను కొట్టేసింది. సెప్టెంబర్‌లో అసెంబ్లీ రద్దయ్యేదాకా వాళ్లకు కుర్చీలు దక్కలేదు. నల్లగొండకు, ఆలంపూర్‌కు ఆ ఆరు నెలలు సభలో మనిషి లేడు. అక్కడి జనం ఎవరి మీద హెడ్‌ఫోన్ విసిరారు?

2022 మార్చిలో బడ్జెట్ సమావేశాల మొదటి రోజే ముగ్గురు బీజేపీ సభ్యులను సెషన్ మొత్తానికి బయటికి పంపారు. 2025 మార్చిలో స్పీకర్ మీద వ్యాఖ్యలు చేశారని మాజీ మంత్రి జగదీశ్‌రెడ్డిని సెషన్ అంతా సస్పెండ్ చేశారు. మొన్న నెట్టినోడు ఇవ్వాళ నెట్టించుకుంటున్నాడు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2015 డిసెంబర్‌లో ఎమ్మెల్యే రోజాను ఏకంగా ఏడాది పాటు బయట ఉంచారు. ఢిల్లీ ఇంకో మెట్టు పైన. 2023 డిసెంబర్‌లో రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష ఎంపీలను సస్పెండ్ చేశారు. పార్లమెంటు భద్రతా వైఫల్యం మీద హోంమంత్రి ప్రకటన చేయాలని అడిగినందుకు! ఆ ఖాళీ కుర్చీల మధ్యనే దేశంలోని శిక్షాస్మృతిని మార్చే మూడు చట్టాలు పాసయ్యాయి. రేపు మనల్ని అరెస్టు చేసే సెక్షన్లను అడిగేవాడు లేకుండా రాసుకున్నారు.

మహారాష్ట్రలో 12 మంది బీజేపీ ఎమ్మెల్యేలను 2021లో ఏడాది సస్పెండ్ చేస్తే 2022 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. సెషన్ దాటి సస్పెండ్ చేయడం రాజ్యాంగ విరుద్ధమన్నది. ఏడాది సస్పెన్షన్ బహిష్కరణ కంటే ఘోరమని, సభ్యుణ్ని కాదు నియోజకవర్గాన్నే శిక్షించినట్టవుతుందని చెప్పింది. బహిష్కరిస్తే కనీసం ఉపఎన్నిక వస్తుంది, జనం ఇంకొకరిని పంపుకుంటారు. సస్పెన్షన్‌లో అదీ ఉండదు.

మూడోది పోలీసు పద్ధతి. ముందస్తు అరెస్టు. ఉస్మానియా విద్యార్థులకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 2009 నవంబర్ 29న దీక్షకు పోతున్న కేసీఆర్‌ను కరీంనగర్ దగ్గర అల్గునూరులో ఆపి ఖమ్మం జైలుకు తరలించింది రోశయ్య ప్రభుత్వం. పదిరోజులు తిరగకుండానే డిసెంబర్ 9 ప్రకటన వచ్చింది. అరెస్టు ఉద్యమాన్ని ఆపలేదు, మండించింది. 2013 జూన్‌లో చలో అసెంబ్లీ అన్నప్పుడు జిల్లాల్లోనే వేల మందిని ఠాణాల్లో కూర్చోబెట్టారు. ఇవన్నీ అనుభవించి వచ్చిన ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ఏం చేసింది? నిరుద్యోగ ర్యాలీకి పిలుపిచ్చాడని కోదండరాం సార్ ఇంటి తలుపులు తెల్లవారకముందే పగలగొట్టి ఎత్తుకుపోయింది. జేఏసీ చైర్మన్‌గా ఏ గొంతుతో పోరాడారో ఆ గొంతునే! అదే ఏడాది ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను మూసేశారు. ట్రాఫిక్ అన్నారు, చుట్టుపక్కల కాలనీవాసుల ఇబ్బంది అన్నారు. హైకోర్టు చెప్పాక 2018లో గానీ తెరుచుకోలేదు. మరి 2021 నవంబర్ 18న వడ్ల కొనుగోళ్ల మీద కేంద్రానికి వ్యతిరేకంగా ధర్నాకు కూర్చోవాల్సి వచ్చినప్పుడు ముఖ్యమంత్రి కేసీఆర్ ఎక్కడ కూర్చున్నారు? ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లోనే. ఆ రోజు ట్రాఫిక్ ఎటు పోయిందో!

2018 డిసెంబర్ 4న కోస్గిలో కేసీఆర్ సభ ఉన్నదని, అర్ధరాత్రి దాటాక కొడంగల్‌లో రేవంత్‌రెడ్డి ఇంటి తలుపులు బద్దలుకొట్టి తీసుకుపోయారు. పోటీలో ఉన్న అభ్యర్థి, పోలింగ్‌కు మూడు రోజుల ముందు. హైకోర్టు పోలీసులను గట్టిగా నిలదీసింది. ఆయనే ముఖ్యమంత్రి అయ్యాక 2024లో మళ్లీ అవే వార్తలు. హరీశ్‌రావు సహా బీఆర్ఎస్ నేతల ఇండ్ల ముందు పోలీసులు. నవంబర్‌లో లగచర్లలో కలెక్టర్ మీద దాడి జరిగింది. దాడి చేసినోళ్ల మీద కేసు పెట్టడంలో తప్పులేదు. కానీ మాజీ ఎమ్మెల్యే పట్నం నరేందర్‌రెడ్డిని అరెస్టు చేయడం, ఆ ఊరి గిరిజన రైతులను పరామర్శించడానికి పోయే ప్రతిపక్ష నాయకులను తొవ్వలోనే ఆపడం, ఇదంతా మనం ఎక్కడో చూసిన సినిమాలాగే లేదా? పాత సీఆర్పీసీ 151 సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 170. నేరం జరగబోతున్నదని పోలీసుకు తెలిస్తే 24 గంటలు మించకుండా పట్టుకోవచ్చన్నది దాని సారం. పరామర్శ ఏ నేరం కిందికి వస్తుంది? గేటు ముందు జీపు పెట్టి 'బయటికి రావొద్దు సార్, పైనుంచి ఆర్డర్' అనడం ఆ సెక్షన్‌లో ఏ లైనులో ఉన్నది?

నాలుగోది ఢిల్లీ నుంచి వచ్చే పద్ధతి. నోటీసులు, సోదాలు. అవినీతి చేసినోణ్ని వదిలిపెట్టాలని మేం అనడం లేదు. ప్రతిపక్షంలో ఉన్నంత మాత్రాన ఎవడూ పవిత్రుడు కాడు. ఏ పార్టీ వాడైనా తిన్నది కక్కించాల్సిందే. కానీ లెక్క ఏం చెబుతున్నది? పదేళ్లలో రాజకీయ నాయకుల మీద ఈడీ 193 కేసులు పెడితే శిక్షలు పడింది రెండింట్లోనే అని 2025 మార్చిలో కేంద్రమే రాజ్యసభకు చెప్పింది. 2014 నుంచి దర్యాప్తు సంస్థల కేసులున్న 25 మంది ప్రతిపక్ష నేతలు బీజేపీ వైపు పోతే, అందులో 23 మందికి ఏదో ఒక రూపంలో ఊరట దొరికిందని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక 2024 ఏప్రిల్‌లో పేర్లతో సహా రాసింది. మన తెలుగు ఉదాహరణే చూద్దాం. 2018 అక్టోబర్, నవంబర్‌లలో సీఎం రమేశ్, సుజనా చౌదరిల మీద ఐటీ, ఈడీ సోదాలు జరిగాయి. 2019 జూన్‌లో ఇద్దరూ ఇంకో ఇద్దరితో కలిసి, ఆరుగురున్న టీడీపీ రాజ్యసభ పక్షంలోంచి నలుగురుగా బీజేపీలో 'విలీనం' అయ్యారు. గంగలో మునిగితే పాపాలు పోతాయంటారు. ఇప్పుడు గంగ దాకా పోవాల్సిన పని లేదు.

ఆంధ్రప్రదేశ్ సంగతి చెప్పకుండా ఈ ముచ్చట పూర్తి కాదు. 2014లో వైసీపీకి 67 సీట్లు వస్తే 23 మందిని టీడీపీ లాక్కున్నది. 2017 ఏప్రిల్‌లో అందులో నలుగురు మంత్రులయ్యారు. 2019లో టీడీపీకి వచ్చిన సీట్లు సరిగ్గా 23. అప్పుడు జగన్‌మోహన్‌రెడ్డి సభలో, మీ ఐదుగురిని లాగితే ప్రతిపక్ష హోదా పోతుందని చంద్రబాబుకు గుర్తుచేశారు. 2023 సెప్టెంబర్‌లో మాజీ ముఖ్యమంత్రి చంద్రబాబును అరెస్టు చేసి 52 రోజులు రాజమండ్రి జైల్లో ఉంచారు. 2024లో జగన్‌కు వచ్చింది 175లో 11. పదోవంతు లేదని ప్రతిపక్ష హోదా ఇవ్వలేదు. రెండువైపులా నష్టపోయింది ఓటరే. ఐదేళ్లు ఒకరు సభకు రారు, ఇంకో ఐదేళ్లు ఇంకొకరు రారు. జనం సమస్యలు రోడ్డు మీద ఉండిపోతాయి.

'వాళ్లు చేయలేదా?' అన్నది అందరి జవాబు. నిజమే, చేశారు. ఎమర్జెన్సీలో లక్ష మందికి పైగా జైళ్లకు పంపిన పార్టీ ఇవ్వాళ ఢిల్లీలో సస్పెన్షన్ల మీద మొత్తుకుంటున్నది. ఎమర్జెన్సీలో జైళ్లకు పోయినోళ్ల వారసులు ఇవ్వాళ సస్పెండ్ చేస్తున్నారు. ఒకరి తప్పు ఇంకొకరికి లైసెన్సు అయితే ఈ లెక్క ఎప్పటికి తెగుతుంది?

అధికారంలో లేకపోతే జనానికి ఏమీ చేయలేమన్న వాదన కూడా ఉత్తదే. 1952లో కమ్యూనిస్టు పార్టీ మీద హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం ఉన్నది. అయినా పీడీఎఫ్ పేరుతో పోటీ చేస్తే జనం 42 మందిని అసెంబ్లీకి పంపారు. రావి నారాయణరెడ్డిని నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపారు. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య 1983 నుంచి 2004 దాకా ఐదుసార్లు గెలిచారు, ఒక్కరోజు కూడా అధికార పార్టీలో లేరు. ఆయన ఏ అభివృద్ధి కోసమూ కండువా మార్చలేదు. ఇల్లెందు ఆదివాసీలు మళ్లీ మళ్లీ ఆయన్నే ఎందుకు గెలిపించుకున్నారో ఫిరాయింపుదారులు ఒకసారి పోయి అడిగి రావాలి.

మేం కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. ఫిరాయింపు పిటిషన్లు స్పీకర్ చేతిలోంచి తీసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇయ్యండి. విలీనం ముసుగు తీసేయండి, పోయేవాడు రాజీనామా చేసి ఉపఎన్నికకు పోవాలి. ఉద్యమంలో మన ప్రతినిధులు పదవులు విసిరికొట్టి మళ్లీ మళ్లీ జనం ముందు నిలబడలేదా? ప్రజా పద్దుల కమిటీ నిజమైన ప్రతిపక్షానికే ఇయ్యండి. అన్నిటికంటే ముందు నియోజకవర్గాల నిధులకు ఒక సూత్రం పెట్టండి. జనాభా, వెనుకబాటు, విస్తీర్ణం, ఏదో ఒకటి. ముఖ్యమంత్రి మనసు మాత్రం కొలమానం కావొద్దు.

అది జరిగేదాకా విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాం. 2014 జూన్ నుంచి ఏడాదివారీగా 119 నియోజకవర్గాలకు ప్రత్యేక అభివృద్ధి నిధి కింద ఎంత మంజూరైంది, ఎంత విడుదలైందని సమాచార హక్కు చట్టం కింద ఆర్థికశాఖను, ప్రణాళికా శాఖను అడగండి. ఎమ్మెల్యే ఏ తేదీన పార్టీ మారాడో పక్కన రాసుకోండి. ఆ తేదీకి ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది రెండు గడుల్లో వేయండి. ఖైరతాబాద్, భద్రాచలం, బాన్సువాడ, శేరిలింగంపల్లితో మొదలుపెట్టొచ్చు. 2016, 2019 నాటి ఫిరాయింపులను కూడా వదలొద్దు. దరఖాస్తు రుసుం 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబులు వచ్చినవి వచ్చినట్టు మాకు పంపండి, అచ్చు వేస్తాం.